తర్వాత మంచు కురుస్తుంది

సలోమికి మెదడువాపు జ్వరం తగ్గి నెల దాటినా, ఆమె ఉన్న వార్డులోకి రావాలంటే నర్సులకి హడలుగానే ఉండేది. అన్నం ప్లేటు బల్లమీద పెడితే కేక. ఫ్యాను తిరగడం మొదలెడితే కేక. పక్కమంచం మీద ముసలావిడ దగ్గితే మంచం దిగి గోడకి అతుక్కుపోయేది. భర్త జోయేలు వచ్చి భుజంమీద చెయ్యి వేస్తే, దొంగ ఎవడో వెనకనించి పట్టుకున్నట్టు వణికిపోయేది. అలాగని మొగుణ్ణి గుర్తుపట్టకపోలేదు. అడిగితే అతని పేరు చెప్పేది, కూతురు రూతు ఏ క్లాసు చదువుతోందో చెప్పేది. ఆ చెయ్యి ఇప్పుడు పడబోతోందని ముందుగా తెలియకపోవడమే ఆమె జబ్బు.

ఆ జబ్బు ఎంత చెడ్డదో వాళ్ళందరిలో బాగా తెలిసింది హెప్సిబాకే. ఆమె సలోమికి సొంత అక్క. విశాఖపట్నంలో కొండవాలు మీదున్న ఒక మెదడు పరిశోధనశాలలో ఇంజినీరు.

"మన బుర్ర ఎప్పుడూ మనకంటే ఓ అడుగు ముందు నడుస్తుంది జోయేలూ," అని మరిదికి వరండాలో చెప్పింది. "గ్లాసు చేజారితే, అది నేలని తాకకముందే చప్పుడొస్తుందని దానికి తెలుసు. అందుకే మనం అదిరిపోం. దీనికి జ్వరం ఆ భాగాన్నే తినేసింది. ఇప్పుడు దీని కంటికి లోకంలో ప్రతీదీ పొంచి ఉండి మీద పడేదే."

"మందు లేదా వదినా?"

హెప్సిబా రిపోర్టులు మడిచి సంచిలో పెట్టుకుంది. జోయేలు ఓడరేవులో క్రేను నడిపే మనిషి, మాటలు పొదుపు. మళ్ళీ అడగలేదు.

డిసెంబరు వచ్చింది. వార్డు గోడకున్న టీవీలో ఆయా ఏదో ఛానల్ పెట్టి వదిలేసింది. పండగ నెలంతా ఆ ఛానల్లో తెలుగులోకి డబ్బింగ్ చేసిన క్రిస్మస్ ప్రేమ సినిమాలే. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి పండక్కి చిన్న ఊరొకదానికి వస్తుంది. అక్కడ ఓ కేకుల కొట్టు మూతపడబోతుంటుంది. పెళ్ళాం పోయిన మంచివాడొకడు ఉంటాడు, వాడికి ముద్దుగా మాట్లాడే కూతురుంటుంది. మొదట ఇద్దరికీ పడదు. తర్వాత పిండి కలుపుతుంటే ఆమె ముక్కుకి పిండి అంటుకుంటుంది, వాడు తుడుస్తాడు. ఇక అయిపోతుందనగా ఒక అపార్థం. ఆపైన వీధి మధ్యలో దీపాల కింద వాడు పరుగెత్తుకొస్తాడు, మంచు కురుస్తుంది, శుభం.

జబ్బు చెయ్యకముందు సలోమికి అవంటే ప్రాణం. "ఒకటి చూస్తే అన్నీ చూసినట్టేగా!" అని హెప్సిబా ఏడిపించేది. "అందుకే చూస్తానక్కా," అనేది సలోమి. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. "పొద్దుట్నించీ ఏ పిల్ల పడిపోతుందో, ఏ పిల్లాడు ఎవర్ని కొరుకుతాడో అని ఒకటే గుబులు. ఇందులో అలాంటిదేం లేదు. మధ్యలో లేచెళ్ళి అన్నం వార్చుకొచ్చినా కథ నాకోసం అక్కడే కూర్చునుంటుంది."

ఆ మధ్యాహ్నం హెప్సిబా చెల్లెలి పక్కన కునుకుతీస్తోంది. ఎందుకో చాలాసేపటినించి కేకలు వినబడటం లేదనిపించి కళ్ళు తెరిచింది. సలోమి మంచంమీద నిటారుగా కూర్చుని టీవీ చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

"ఇప్పుడు వాడు వెనక్కి తిరుగుతాడు."

తిరిగాడు.

"ఆ పిల్ల వచ్చి మధ్యలో నుంచుంటుంది."

నుంచుంది.

"తర్వాత మంచు కురుస్తుంది," అంది సలోమి. మంచు కురిసింది. నెలరోజులుగా బిగుసుకుపోయి ఉన్న ఆ మొహం, నీళ్ళలో వేసిన అప్పడంలా మెత్తబడింది. హెప్సిబా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సినిమా అయిపోయింది, ప్రకటన మొదలైంది, సలోమి గుండెలవిసేలా అరిచింది.

పరిశోధనశాలలో హెప్సిబా ఒక టోపీ తయారుచెయ్యడం మొదలైంది అక్కణ్ణించే. సినిమా చూస్తూ సలోమి ముందే ఊహించిన ప్రతిసారీ ఆమె తలలో ఒక సన్నటి అల లేచేది. వలలాంటి ఆ టోపీ ఆ అలని పట్టుకుని, కాస్త బలం చేర్చి మళ్ళీ లోపలికే పంపేది. వాలిపోయిన తీగకి పుల్ల కట్టినట్టు. హెప్సిబా ఆ సినిమాలు పదులకొద్దీ తెచ్చి చూపించింది. తనూ పక్కన కూర్చుని చూసింది. వెక్కిరించిన మనిషే, ఎండాకాలం వచ్చేసరికి, వాడు పరుగెత్తుకొచ్చే ఘట్టం కోసం ఎదురుచూడటం మొదలెట్టింది. ఆ సినిమాల ఊళ్ళో ఒక్క బస్సు తప్పిపోదు, ఒక్క ఉత్తరం ఆలస్యమైనా చేరాల్సిన వేళకి చేరుతుంది, చచ్చిపోయినవాళ్ళు కథ మొదలవకముందే చచ్చిపోయి ఉంటారు. రోజంతా చెల్లెలి కేకలు విన్న చెవికి అంతకంటే ఏం కావాలి?

వానలు పడేనాటికి సలోమి టోపీ పెట్టుకుని, దానిమీద స్కార్ఫు కట్టుకుని మల్కాపురంలోని తన ఇంటికి వెళ్ళిపోయింది. వంట చేసింది. ఆదివారం గుడికెళ్ళి పాటలు పాడింది. ఫ్యాను తిరిగినా, కుక్కరు కూత వేసినా నవ్వుతూనే ఉంది. పరిశోధనశాల పెద్ద శేషగిరి గారు స్వీట్లు పంచారు. ఇలాంటి జబ్బుతో మంచాలకి కట్టేసి ఉన్నవాళ్ళు దేశంలో ఎందరో ఉన్నారనీ, వాళ్ళ ఇళ్ళనించి రోజూ ఫోన్లు వస్తున్నాయనీ చెప్పారు.

మొదట అనుమానపడింది రూతు. దానికి ఎనిమిదేళ్ళు. ఒక్క నిమిషం కుదురుగా ఉండని పిల్ల, నోరు తెరిస్తే ఏ మాట ఊడిపడుతుందో దేవుడిక్కూడా తెలీదు. ఒక సాయంత్రం హెప్సిబా వెళ్ళినప్పుడు చెయ్యి పట్టుకుని మేడమెట్ల మీదికి లాక్కెళ్ళింది.

"పెద్దమ్మా, అమ్మకి నేను వినబడట్లేదు."

"చక్కగా మాట్లాడుతోందిగదే!"

"మాట్లాడుతుంది. నేను చెప్పినదానికి కాదు." రూతు గొంతు తగ్గించింది. "నిన్న నేను అమ్మా, నాకు తోక మొలిచిందీ అన్నాను. అలాగే బంగారం, కేకు చేస్తాగా, అంది. బడిలో ఒకమ్మాయి నా జుట్టు పీకిందన్నాను. అప్పుడూ కేకే. ఊరికే నుంచుని ఏం మాట్లాడకుండా ఉన్నాను. అప్పుడు కూడా నన్ను ముద్దుపెట్టుకుని, ఎంత మంచిమాట చెప్పావే తల్లీ అంది."

హెప్సిబా మర్నాడే చెల్లెల్ని పరిశోధనశాలకి తీసుకొచ్చింది. సలోమి చూడని కొత్త సినిమా ఒకటి సంపాదించి, దాని చివర కత్తిరించింది. అందులో ఇప్పుడు ఆ అమ్మాయి తలుపు తీస్తుంది. బయట వీధి ఖాళీగా ఉంటుంది. మనిషి లేడు, మంచు లేదు. తలుపు మూస్తుంది. అంతే.

సలోమి చూసింది. చూస్తూ కళ్ళు తుడుచుకుంది. "ఎంత బాగా వచ్చాడక్కా! ఒళ్ళంతా మంచుతో. నాకు తెలుసు వస్తాడని."

శేషగిరి గారు తెరమీది గీతలకేసి వంగారు. కన్ను చూసిన ఖాళీ వీధి సలోమి మెదడులోకి వెళ్ళింది, వెనకభాగం దాకా చేరింది. అక్కడ టోపీ బలపరిచిన ఊహ అడ్డం నిలబడి దాన్ని లోపలికి రానివ్వలేదు. చెడిపోయిన ఊహని తాము బాగుచెయ్యలేదని హెప్సిబాకి అప్పుడు అర్థమైంది. కళ్ళనీ చెవుల్నీ నోరెత్తనివ్వని ఊహనొకదాన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

"టోపీ తీసేద్దాం సార్."

"తీసేసి?" అన్నారాయన. ఆయన చెడ్డవాడు కాదు. "మళ్ళీ ఆ కేకల్లోకి తోసేస్తావా? తింటోంది, నిద్రపోతోంది, సంతోషంగా ఉంది. బలం తగ్గించి చూద్దాం. కొంచెం టైమియ్యి."

జోయేలు అసలు వినలేదు. "ఆర్నెల్లు ఆమె మంచం పక్కన చెంచా కింద పెట్టాలన్నా భయపడ్డాను వదినా. రూతు తుమ్మితే ఆమె దుప్పట్లో దూరేది. ఇప్పుడు పొద్దున్నే నాకు కాఫీ ఇస్తోంది, నవ్వుతోంది. ఎవరూ రాని గుమ్మంలో ఎవరో వచ్చారందట, అంతేగా? రానివ్వండి. మీకు దణ్ణం పెడతాను, ఆమెని నా దగ్గర్నించి మళ్ళీ లాగెయ్యకండి."

ఆ దణ్ణానికి హెప్సిబా లొంగింది. బలం కొంచెం తగ్గించి చూస్తే సలోమికి వణుకు మొదలైంది, మళ్ళీ పెంచారు. అలా తగ్గిస్తూ పెంచుతూ ఉండగానే డిసెంబరు తిరిగొచ్చింది.

కాకినాడ రేవులో క్రేను ఏదో పాడైతే జోయేలుని అక్కడికి పంపారు. హెప్సిబా రోజూ సాయంత్రం ఫోన్ చేసి రూతు ఎలా ఉందని అడిగేది. "బంగారంలా ఉందక్కా, ఆడుకుంటోంది," అనేది సలోమి. మర్నాడూ అదే మాట, అదే గొంతు. రూతుకి ఫోనివ్వమంటే నిద్రపోయిందంది. సాయంత్రం ఆరింటికి రూతు నిద్రపోవడమేమిటి? హెప్సిబా ఆటో ఎక్కింది.

గుమ్మం పైన కాయితం నక్షత్రం చీకట్లో వెలుగుతోంది. ఇల్లంతా కేకు వాసన. సలోమి ఎదురొచ్చి కావలించుకుంది.

"వచ్చావా! ఇవాళ వస్తావని తెలుసు."

"రూతు ఏదే?"

"లోపల. కొత్త గౌను చూసుకుని మురిసిపోతోంది."

మంచానికీ గోడకీ మధ్య చాపమీద రూతు పడుంది. ఒళ్ళు పొయ్యిలా కాలిపోతోంది. చిగుళ్ళలోంచి కారిన రక్తం పెదాల చివర ఎండింది. దానిమీద ఎర్ర గౌను దుప్పటిలా పరిచి ఉంది. పక్కన నేలమీద వాంతి. ఆ వాంతిలోంచి నడిచివెళ్ళిన పాదాల జాడలు వంటింటిదాకా ఉన్నాయి, మళ్ళీ తిరిగొచ్చిన జాడలూ ఉన్నాయి.

"అమ్మకి చెప్పాను పెద్దమ్మా," అంది రూతు గాలిలాంటి గొంతుతో. "చాలాసార్లు చెప్పాను."

గుమ్మంలో సలోమి చేతులు కట్టుకుని మురిపెంగా చూస్తోంది. "ఎంత బాగుందో చూశావా అక్కా!"

పిల్లల ఆసుపత్రిలో డెంగీ అన్నారు. ఆలస్యమైందన్నారు. జోయేలు కాకినాడనించి దొరికిన లారీ ఎక్కి వచ్చాడు. వరండా బెంచీమీద సలోమి అక్క చెయ్యి నిమురుతూ, "ఏం కాదులే. ఇప్పుడు డాక్టరు బయటికొచ్చి నవ్వుతారు," అంది. డాక్టరు బయటికొచ్చింది. నవ్వలేదు. "లోపల రక్తం కారుతోంది. మా ప్రయత్నం మేం చేస్తున్నాం, మీరు గుండె దిటవు చేసుకోవాలి," అంది. జోయేలు గోడకి చేరగిలబడి కిందకి జారిపోయాడు. సలోమి లేచి రెండు చేతులూ జోడించి, మొహం వెలిగిపోతుండగా, "చాలా సంతోషం డాక్టరు గారూ, మీ మేలు మర్చిపోలేం," అంది.

డాక్టరు ఒక్క క్షణం ఆమెకేసి చూసి లోపలికి వెళ్ళిపోయింది. జోయేలు నేలమీద కూర్చునే మొదటిసారి పెళ్ళాన్ని భయంగా చూశాడు.

రూతు బతికింది. ఎలా బతికిందో డాక్టర్లకే తెలియలేదు. రోజులతరబడి కళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండి, ఒక పొద్దున్న బార్లీ నీళ్ళు తాగింది. చేతులు చీపురుపుల్లలయ్యాయి. ఇంటికెళ్దాం తల్లీ అని జోయేలు అంటే తల అడ్డంగా ఊపింది.

"ఆ అమ్మ ఉంటే రాను."

"అలా అనకూడదు బంగారం. అమ్మ కదా."

"అరిచే అమ్మ కావాలి నాకు," అంది రూతు. "ఆ అమ్మ నన్ను చూసి అరిచేది. ఈ అమ్మ నన్ను అసలు చూడట్లేదు."

జోయేలు కూతురి దుప్పటి సర్ది, హెప్సిబావైపు తిరిగాడు. "ఆ టోపీ సంగతి మీ ఇష్టం వదినా," అని, ఆ మాట తన నోటినించే వచ్చిందా అన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు.

కానీ అది హెప్సిబా ఇష్టం ఎలా అవుతుంది? తల సలోమిది. అడుగుదామంటే టోపీ ఉన్న సలోమికి ఆ ప్రశ్నే చేరదు. టోపీ తీసేస్తే, భయంతో ఏమైనా అంటుంది. రెంటికీ మధ్య ఒకే ఒక్క సందు ఉంది. ప్లగ్గు పీకాక ఇస్త్రీపెట్టె కాసేపు వేడిగా ఉన్నట్టు, టోపీ తీశాక దాని బలం ఒక్కసారిగా పోదు. పోతూపోతూ ఉన్న ఆ కాసేపట్లో కళ్ళకి దారి దొరుకుతుంది, భయం ఇంకా పూర్తిగా రాదు. హెప్సిబా చెల్లెల్ని రూతు మంచం పక్కన కూర్చోబెట్టి, స్కార్ఫు విప్పి, టోపీ తీసింది.

ముందు ఏమీ కాలేదు. సలోమి నవ్వుతూనే కూతురి తల నిమురుతోంది. నిమురుతున్న చెయ్యి ఆగింది. రూతు జుట్టు ఊడి వేళ్ళలోకి వచ్చింది. ఆ వెంట్రుకల్ని వెలుగులోకి ఎత్తి చూసుకుంది. తర్వాత పిల్ల మణికట్టు పట్టుకుంది, అక్కడ సూదులు గుచ్చిన నల్లటి మచ్చలమీద బొటనవేలితో రాసింది.

"అక్కా, ఇదేంటే ఇలా అయిపోయింది?" ఆమె గొంతు ఎప్పటి సలోమి గొంతు. "ఎప్పుడు? నేనెక్కడున్నాను?"

"ఇంట్లోనే ఉన్నావే."

"దాని పక్కనే?"

"పక్కనే."

సలోమి నోట్లోంచి వచ్చినది ఏడుపనడానికి లేదు. హెప్సిబా ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎక్కువ టైం లేదు సలోమీ, విను. ఇది మళ్ళీ పెడితే హాయిగా ఉంటావు, కానీ పిల్ల నీకు కనబడదు. పెట్టకపోతే ఆ భయం మొత్తం తిరిగొస్తుంది. తగ్గుతుందో లేదో నాకు తెలీదు. ఏం చెయ్యమంటావు?"

సలోమి చేతులు అప్పటికే వణకడం మొదలైంది. పక్క వార్డులో స్ట్రెచరు చక్రం కిర్రుమంటే మెడ నరాలు బిగుసుకున్నాయి. "పెట్టకక్కా," అంది. "నేనే అడుగుతాను. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతాను. అప్పుడు కూడా పెట్టకు."

అన్నట్టే అడిగింది. ఆ మధ్యాహ్నమే కాళ్ళు పట్టుకుంది. "చచ్చిపోతానక్కా, పెట్టు, పెట్టవే, నీకు జాలి లేదా, నువ్వసలు మనిషివేనా?" అని, గోడకి తల కొట్టుకుంది. నలుగురు పట్టుకోవాల్సొచ్చింది. టోపీ హెప్సిబా సంచిలోనే ఉంది. పెట్టడం క్షణం పని. హెప్సిబా ఆ సంచిని జోయేలుకిచ్చి, "నాకు కనబడకుండా తీసుకుపో," అంది.

వారంలోపే ఆమె పరిశోధనశాలలో అన్నీ చెప్పేసింది. శేషగిరి గారు టోపీ కోసం ఫోన్లు చేస్తున్న రోగుల ఇళ్ళవాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు తెలియజేశారు. తెలిశాక కూడా వాళ్ళు టోపీ కావాలనే అడిగారు. ఒక తల్లయితే, "నా కొడుకు నన్ను చూడకపోయినా ఫరవాలేదమ్మా, వాడు అరవకుండా ఒక్కపూట పడుకుంటే చాలు," అంది. హెప్సిబా ఆ తల్లి పేరూ నంబరూ రాసుకుని ఫోన్ పెట్టేసింది.

పండగకి కొన్నాళ్ళ ముందే సలోమిని ఇంటికి తెచ్చారు. వెనక గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఆమె మూలన మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని కూర్చునేది, ఎముకల మీద చర్మం మిగిలింది. రూతు ఆ గదిలోకి వెళ్ళే పద్ధతి తనంతట తనే కనిపెట్టింది. గుమ్మం బయట నుంచుని మెల్లగా చెప్పేది.

"అమ్మా, ఇప్పుడు నేను లోపలికి వస్తాను." వచ్చేది. "ఇప్పుడు కింద కూర్చుంటాను." కూర్చునేది. "ఇప్పుడు నీ వేలు పట్టుకుంటాను. చిటికెన వేలు." పట్టుకునేది. చెప్పిందే చేసేది, చెయ్యనిది చెప్పేది కాదు. సలోమి ఒక్కోసారి కేక వేసేది, ఒక్కోసారి పళ్ళు బిగించి ఆపుకునేది. కుదురు తెలియని ఆ పిల్ల గంటలకొద్దీ తన ప్రతి కదలికనీ ముందుగా చాటింపు వేసుకుంటూ కూర్చోవడం హెప్సిబా గుమ్మంలోంచి చూసేది. ఇలా ఎన్నేళ్ళు? దీనికి పెళ్ళీడు వచ్చేదాకానా?

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం. గుడికెళ్ళొచ్చి, వంటింట్లో హెప్సిబా పలావు దించుతోంది. జోయేలు ఇరుగుపొరుగుకి ముందే చెప్పొచ్చాడు, మా వైపు టపాసులు కాల్చకండని. అందరూ సరేనన్నారు. రూతు లోపల చెబుతున్న మాటలు సన్నగా వినబడుతున్నాయి: "ఇప్పుడు నీకు ఒక ముద్ద పెడతాను. ఇప్పుడు గ్లాసెత్తుతాను."

పక్క వీధిలోకి ఆ ఊళ్ళోవాళ్ళు కాని చుట్టాలెవరో వచ్చారు కాబోలు. వాళ్ళకెవరు చెప్పారు? లక్ష్మీబాంబుల దండ ఒకటి గోడవతల అంటుకుంది.

ఇల్లు అదిరింది. గ్లాసు పగిలిన చప్పుడు. సలోమి కేక ఆ పేలుళ్ళని మించి లేచింది. హెప్సిబా చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తింది, జోయేలు వీధివైపునించి పరిగెత్తుకొచ్చాడు. మూల ఖాళీగా ఉంది. ఆ మసకచీకట్లో హెప్సిబా కళ్ళు ముందు కిటికీ దుప్పట్ల చాటున సలోమి కోసం వెతికాయి.

సలోమి దాక్కోలేదు. గది మధ్యలో, గాజుపెంకుల పక్కన, రూతుని నేలకి అదిమి దానిమీద బోర్లా పడుకుని ఉంది. ఒక్కో బాంబు పేలినప్పుడల్లా కొరడాదెబ్బ తిన్నట్టు ఆమె ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది, నోటివెంట కేక ఆగడంలేదు. అయినా కదల్లేదు. రెండు అరచేతులూ బిగించి మూసి ఉన్నాయి, రూతు చెవులమీద.